పేర్లు చెరిగిపోకుండా: లినక్స్ సర్వర్ల సంరక్షణ

(షోళింగనల్లూరులో జరిగిన తెలుగు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. భాషా అల్పసంఖ్యాకుల హక్కుల కోసం అర్జీలు రాయడం, కార్యాలయాల చుట్టూ తిరగడం, కోర్టులో వాదించడం నా పని. సర్వర్లే బతుకుతెరువుగా ఉన్న మీ ఎదుట నేను లినక్స్ గురించి మాట్లాడడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా పిలవగానే ఒప్పుకున్నాను. మా సంఘానికి చెందిన ఒక చిన్న లినక్స్ సర్వర్ కొన్నేళ్లుగా నా బాధ్యతలో ఉంది. దానిని నేను సరిగా కాపాడలేకపోయాను. కాపాడుకున్నవారి మాట కంటే పోగొట్టుకున్నవారి మాట ఒక్కొక్కసారి ఎక్కువ పనికి వస్తుందనే నమ్మకంతో ఇక్కడ నిలబడ్డాను.

మనం కూర్చున్న ఈ ఊరి పక్కనుంచే బకింగ్‌హామ్ కాలువ పోతుంది. అది కృష్ణా డెల్టాలోని పెదగంజాం దగ్గర బయలుదేరి, నెల్లూరు సీమను దాటి, మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సాగుతుంది. ఒకప్పుడు తెలుగు నేలనుంచి సరకులు పడవలమీద ఈ దారినే మద్రాసు చేరేవి. ఇప్పుడు ఆ కాలువకు సమాంతరంగా పాత మహాబలిపురం రోడ్డు, దాని పొడవునా కంప్యూటర్ సంస్థలు. తమిళనాడు ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ ఏర్పరచిన ప్రత్యేక ఆర్థిక మండలం ఈ ఊళ్లోనే ఉంది. ఆ ఎల్కాటే 2006-07 ప్రాంతంలో, సి. ఉమాశంకర్ గారు మేనేజింగ్ డైరెక్టరుగా ఉండగా, తన కార్యాలయ కంప్యూటర్లను సూసే లినక్స్‌కు మార్చింది. ఇదే రోడ్డు ఉత్తరపు కొసన తరమణిలో ఉన్న సీడాక్ కేంద్రం బాస్ అనే భారతీయ లినక్స్‌ను రూపొందించడంలో ముఖ్య పాత్ర వహించింది. మన హైదరాబాదులో స్వేచ్ఛ బృందం తెలుగు లినక్స్ కోసం పనిచేసింది. ఎవరి చేతికైనా అందే ఈ వ్యవస్థ మనవంటి చిన్న సంఘాలకు ఎంతో మేలు చేసింది. లైసెన్సు రుసుము లేకుండా, పాత కంప్యూటరు మీదనైనా సర్వర్ నడుపుకోగలుగుతున్నాము. అయితే ఉచితంగా వచ్చింది గనుక ఉచితంగానే నడుస్తుందని అనుకోవడం దగ్గరే మేము పొరపడ్డాము.

మా సర్వర్‌లో ఏముండేదో ముందు చెప్పాలి. పాత అర్జీల నకళ్లు, ప్రభుత్వ ఉత్తర్వులు, తెలుగు పాఠ్యపుస్తకాల స్కాన్లు, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల పేర్ల పట్టికలు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. ఆ సౌకర్యం ఎందరు పిల్లలుంటే కల్పించాలన్నదానికి 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఉండాలి. కాబట్టి మా పనిలో పేరు అంటే అంకె, అంకె అంటే హక్కు. ఒక బడికి సంబంధించి మావాళ్లు ఇల్లిల్లూ తిరిగి తయారుచేసిన పట్టికలో 43 పేర్లుండేవి. అందులో తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలున్నాయి. భవన నిర్మాణ పనులకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి వచ్చినవారూ ఉన్నారు.

ఆ డిసెంబరులో జరిగినది

2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచెత్తింది. పళ్లికరణై, పెరుంబాక్కం, షోళింగనల్లూరు ప్రాంతాలు నీళ్లలో నిలిచాయి. కరెంటు పోయింది. మా బ్యాటరీ కొంతసేపు మోసి చేతులెత్తేసింది. నేల అంతస్తు గదిలో ఉన్న సంతకాల కాగితాలు తడిసి ముద్దయ్యాయి. కరెంటు తిరిగి వచ్చేసరికి పట్టిక సమర్పించవలసిన గడువుకు నాలుగు రోజులే మిగిలింది.

సర్వర్ లేచింది కాని దేనినీ రాయనివ్వలేదు. డిస్కులో లోపం కనిపించినప్పుడు మరింత చెడకుండా లినక్స్ దానిని చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితిలోకి మారుస్తుంది. అది జబ్బు కాదు, కాపలా. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండు ఇచ్చి ఉంటే డిస్కు చావుబతుకుల్లో ఉందని అక్కడే తెలిసేది. మేము చూడలేదు. నేనే తొందరపెట్టాను. మాకు సాయం చేస్తున్న తెలుగు కుర్రవాడు, 'సార్, ముందు డిస్కు నకలు తీద్దాము' అన్నాడు. 'నకలుకు ఎంతసేపు పడుతుంది' అని అడిగాను. 'రాత్రంతా' అన్నాడు. 'అంత సమయం లేదు, మరమ్మతు చెయ్యి' అన్నాను. ఎఫ్‌ఎస్‌సీకే నడిపించాము. ఒకసారి కాదు, మూడుసార్లు. ఫైళ్లు ముక్కలు ముక్కలై లాస్ట్ అండ్ ఫౌండ్ అనే అనాథ శరణాలయంలో పడ్డాయి. ఆ తరువాత డిస్కు తిరగడమే మానేసింది.

సరే, రెండో డిస్కులో డేటాబేస్ నకలుంది కదా అనుకున్నాము. మరో పాత యంత్రం మీద మై ఎస్‌క్యూఎల్ పెట్టి, తొందరలో పట్టికల చట్రాన్ని చేత్తో తయారుచేసి, అందులోకి సమాచారాన్ని ఎక్కించాము. ఆ పాత వెర్షన్‌లో, అక్షర సంకేతం ఫలానా అని మనం చెప్పకపోతే అది లాటిన్1 అనుకుంటుంది. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి గాని యూటీఎఫ్8 సహజ నియమం కాలేదు. లాటిన్1లో తెలుగు అక్షరానికి చోటులేదు. చోటులేని ప్రతి సంకేతం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఆ డేటాబేస్ ముందుకు సాగిపోయింది. హెచ్చరికలు ఇన్ని అని ఒక అంకె చూపింది. ఆ అంకెను మేము చదవలేదు.

'లక్ష్మి' అన్న పేరు మన కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మా పట్టికలో లక్ష్మి ఏడు ప్రశ్నార్థకాలుగా మారింది. రాము నాలుగు ప్రశ్నార్థకాలయ్యాడు. తెల్లవారి చూసుకుందామని పడుకున్నాము. ఆ రాత్రి రెండు గంటలకు ప్రతిరోజూ నడిచే నకలు కార్యక్రమం యథావిధిగా నడిచి, మంచి నకలుమీద ప్రశ్నార్థకాల నకలును అదే పేరుతో రాసేసింది.

హోసూరులో ఒక మిత్రుని ఇంట్లో మూడో నకలుంది. అది మూడు నెలల పాతది. అందులో 32 పేర్లే ఉన్నాయి. తక్కిన 11 పేర్ల కోసం మళ్లీ వీధులు తిరిగాము. ఆరు దొరికాయి. మిగిలిన ఐదు కుటుంబాలు వరద తరువాత ఇళ్లు ఖాళీచేసి వెళ్లిపోయాయి. మొత్తం 38. రెండు తక్కువ. ఆ ఏడు ఆ బడిలో తెలుగు బోధన రాలేదు. తప్పు ఆ కుర్రవాడిది కాదు, నాది. ఇది చెప్పుకోవడానికే వచ్చాను.

ముందు పంచనామా, తరువాతే వైద్యం

హత్య జరిగినచోట పోలీసులు ముందుగా ఏం చేస్తారు? శవాన్ని కదల్చరు. పంచనామా రాస్తారు. ఏది ఎక్కడ ఏ స్థితిలో ఉందో నమోదు చేస్తారు. న్యాయవాదిగా ఇరవై ఏళ్లు ఇదే వాదించిన నేను సర్వర్ దగ్గర దానిని మరచిపోయాను. సర్వర్ మొరాయించినప్పుడు మొదటి పని రీస్టార్ట్ చేయడం కాదు. రీస్టార్ట్‌తో నడుస్తున్న ప్రాసెస్‌ల జాడ, మెమరీ స్థితి మాయమవుతాయి. ఏ సమయానికి ఏం ఆగింది, అంతకుముందు ఎవరు ఏం మార్చారు, ఏ సందేశం వచ్చింది అన్న మూడింటిని రాసుకోవాలి. చాలా సందర్భాలలో జవాబు రెండో ప్రశ్నలోనే ఉంటుంది. నిన్నటిదాకా నడిచినది ఇవాళ ఆగిందంటే మధ్యలో ఏదో మారింది.

లాగ్ ఫైళ్లు సాక్షులు. వారిని అడిగే పద్ధతి ఉంది. జర్నల్‌సీటీఎల్‌తో ఒక్క సేవను, ఒక్క కాలవ్యవధిని ఎంచుకొని చదవాలి. చివరి లోపం కాదు, మొదటి లోపం వెతకాలి. చివర కనిపించే వంద లోపాలు మొదటిదాని సంతానమే. సాక్షి చెప్పే కాలం ఏ కాలమో కూడా తేల్చుకోవాలి. మా యంత్రం గడియారం అంతర్జాతీయ కాలంలో ఉంది. మనకు తెల్లవారుజామున రెండు గంటలంటే దానికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. మంచి నకలును చెరిపినది ఎవరని మేము తప్పు తేదీ లాగ్‌లో ఒక పూటంతా వెతికాము.

సర్వర్ ఆగడానికి సాధారణమైన కారణాలు అంత గొప్పవేమీ కావు. వాటిలో ముందు నిలిచేది డిస్కు నిండడం. డీఎఫ్ కమాండు ఇస్తే నూరు శాతం అని తెలుస్తుంది. ఒక్కోసారి చోటు సగం ఖాళీ అని చూపిస్తూనే కొత్త ఫైలు రాయనివ్వదు. అప్పుడు డీఎఫ్‌కు ఐ అనే గుర్తు తగిలించి ఐనోడ్ల లెక్క చూడాలి. ఐనోడ్ అంటే ఒక్కొక్క ఫైలుకు ఉండే ఖాతా పుస్తకం. లక్షల చిన్న ఫైళ్లు చేరితే గోదాములో చోటున్నా ఖాతా పుస్తకాలు అయిపోతాయి. ఇంకొక వింత ఉంది. పెద్ద లాగ్ ఫైలు చెరిపినా చోటు తిరిగి రాదు. దానిని తెరిచిపెట్టుకున్న ప్రాసెస్ ఇంకా నడుస్తుంటే ఆ చోటు దాని స్వాధీనంలోనే ఉంటుంది. కాగితంమీద ఖాళీ చేసినా ఇల్లు విడవని కిరాయిదారు వంటిది. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రాసెస్‌ను గుర్తించి, ఆ సేవను మళ్లీ మొదలుపెడితే చోటు వస్తుంది. అసలు లాగ్ అంత పెరగకుండా లాగ్‌రొటేట్ పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

అనుమతుల విషయం మరొకటి. ఏదైనా పనిచేయకపోతే ఫైళ్లన్నిటికీ 777 ఇచ్చేయడం మన సంఘాలలో వాడుక. అది తాళం పనిచేయడంలేదని తలుపు పీకేయడం. ఏ ఫైలు ఎవరిది, ఏ సేవ ఏ పేరుతో నడుస్తోంది అని రెండు నిమిషాలు చూస్తే అసలు లోపం తెలుస్తుంది. అందరూ ఒకే రూట్ రహస్యపదంతో లోపలికి రావడం కూడా మానాలి. ఎవరి ఖాతా వారికుండాలి, సుడో ద్వారా పనిచేయాలి. ఎవరినో నేరస్థునిగా పట్టుకోవడానికి కాదు, తప్పు జరిగినప్పుడు ఎక్కడ జరిగిందో తెలియడానికి.

తెలుగు అక్షరానికి యంత్రంలో చోటు

ఇక మన భాషకు ప్రత్యేకమైన చిక్కులు. ఇంగ్లీషు మాత్రమే వాడేవారికి ఇవి ఎదురుకావు గనుక పాఠ్యపుస్తకాలలో వీటికి చివరి పేజీలు. యూటీఎఫ్8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. షోళింగనల్లూరు అన్న ఊరిపేరు 13 సంకేతాలు, 39 బైట్లు. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 వ్యవస్థలో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో అది 85 సంకేతాలకు సరి. అర్జీ విషయమంతా ఫైలు పేరుగా పెట్టే అలవాటున్న మాకు 'పేరు మరీ పొడవు' అన్న సందేశం ఎందుకు వస్తోందో చాలాకాలం తెలియలేదు.

తెరమీద తెలుగు చెడినప్పుడు మూడు రకాల జబ్బులను వేరుచేసి చూడండి. ఖాళీ పెట్టెలు కనిపిస్తే సమాచారం భద్రంగా ఉంది, లిపి ఫాంటు లేదంతే. లోహిత్ గాని పోతన గాని పెట్టుకుంటే సరి. వింత ఐరోపా అక్షరాల గుంపు కనిపిస్తే సంకేతాన్ని తప్పుగా చదువుతోందని అర్థం. అది కూడా తరచుగా తిరిగి వస్తుంది. దానిమీద కొత్తగా ఏమీ రాయకుండా ఆగండి. వరుస ప్రశ్నార్థకాలు డేటాబేస్‌లోనే ఉంటే మాత్రం అక్షరం పోయినట్టే. దానిని మళ్లీ పుట్టించే మంత్రం లేదు. నకలుమీదే ఆధారపడాలి. అందుకే డేటాబేస్, పట్టిక, దానితో మాట్లాడే ప్రోగ్రాం మూడింటిలోను యూటీఎఫ్8 ఎంబీ4 అని స్పష్టంగా రాయాలి. సరిపోని సమాచారాన్ని హెచ్చరికతో వదిలేయకుండా లోపంగా చూపి ఆపే కఠిన నియమాన్ని అమలులో ఉంచాలి. సమాచారం ఎక్కించిన వెంటనే ఒక్క 'లక్ష్మి'ని వెతికి చూడాలి.

అను ఫాంట్లలో ఉన్న పాత పత్రికల ఫైళ్లకు వేరే గొడవ ఉంది. అవి కంటికి తెలుగు, యంత్రానికి ఇంగ్లీషు. వాటిలో తెలుగు మాట వెతికితే దొరకదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, అసలునూ ఉంచుకోవాలి.

నకలు నకలుగా ఉండాలి

రోజూ ఒకే పేరుతో రాసే నకలు నకలు కాదు, అద్దం. ముఖం చెడితే అద్దంలోనూ చెడుతుంది. ఆర్‌సింక్‌కు డిలీట్ ఆజ్ఞ తగిలిస్తే ఇక్కడ చెరిగినది అక్కడా చెరుగుతుంది. రెండు డిస్కులను జోడించే రెయిడ్ కూడా డిస్కు చావునుంచి కాపాడుతుంది గాని మన తప్పునుంచి కాపాడదు. తేదీ వారీగా వేర్వేరు నకళ్లుండాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, అందులో ఒకటి వేరే ఊళ్లో అన్నది అందరూ చెప్పే నియమం. నేను ఒకటి కలుపుతాను. ఆ వేరే ఊరు ఒకే తుపాను దారిలో ఉండకూడదు. మిచాంగ్ చెన్నైని ముంచి, నెల్లూరు తీరం వెంట నడిచి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మొదట మేము మూడో నకలు నెల్లూరులో పెట్టాలనుకున్నాము. హోసూరులో ఉండబట్టి ఆ 32 పేర్లయినా దక్కాయి. అన్నిటికంటే మించినది, నకలును మూడు నెలలకొకసారి ఖాళీ యంత్రంమీద తిరిగి నిలబెట్టి చూడాలి. తిరిగి నిలబెట్టి చూడని నకలు ఆశ మాత్రమే.

కోర్టుకు వెళ్లేవారికి ఒక మాట. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ చూపాలి. లినక్స్‌లో షా256సమ్ అనే ఒక్క కమాండు ఆ విలువను ఇస్తుంది. ఫైలు చేరిన రోజే దానిని రాసి పెట్టుకుంటే తరువాత ఒక్క అక్షరం మారినా పట్టుబడుతుంది.

తాళంచెవి ఒక్కరి దగ్గర ఉండరాదు

2024 మార్చి 29న ప్రపంచంలోని లినక్స్ వాడుకరులందరూ ఉలిక్కిపడ్డారు. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టారు. దానిని ఎన్నో ఏళ్లుగా చూసుకుంటున్నది దాదాపు ఒకే ఒక్క స్వచ్ఛంద సేవకుడు. అతను అలసి ఉన్న సమయంలో సాయం చేస్తానని చేరిన ఒక మారుపేరు వ్యక్తి మెల్లగా నమ్మకం సంపాదించి ఆ పని చేశాడు. దానిని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, దానిని ఊరికే వదలక, కారణం వెతికాడు. ఇందులో నాకు రెండు పాఠాలు కనిపించాయి. చిన్న తేడాను చులకన చేయరాదు. ఒక్క మనిషి భుజంమీద అంత బరువు పెట్టరాదు.

మా సర్వర్ ఆ ఒక్క కుర్రవాడి భుజంమీద ఉండేది. అతను రాత్రి పాళీ ముగించుకొని వచ్చి మా పని చూసేవాడు. ఏ సేవ ఎక్కడుందో అతని తలలోనే ఉండేది. అందుకే ఇప్పుడు ఒక దినచర్య పుస్తకం పెట్టాము. సర్వర్‌లో ఒక ఫైలుగా, బీరువాలో ఒక కాగితం ప్రతిగా ఉంటుంది. ఏ రోజు ఏం మార్చాము, ఎందుకు మార్చాము, తిరిగి పూర్వస్థితికి ఎలా తేవాలి అన్నవి అందులో రాస్తాము. వాడే లినక్స్‌కు భద్రతా సవరణలు ఎప్పటిదాకా వస్తాయో కూడా మొదటి పేజీలోనే ఉంటుంది. సెంటాస్ 7కు అవి 2024 జూన్ 30తో ఆగిపోయాయని తెలియక ఇంకా నడుపుతున్న సంఘాలను నేను చూశాను.

ఆ పుస్తకాన్ని తెలుగులోనే రాస్తున్నాము. కమాండును ఉన్నది ఉన్నట్టు రాసి, దాని కారణాన్ని తెలుగులో వివరిస్తాము. అభిమానంతో మాత్రమే తీసుకున్న నిర్ణయం కాదు ఇది. మా సంఘంలో పదవీ విరమణ చేసిన తెలుగు పండితులున్నారు, గృహిణులున్నారు. మొన్న వేసవిలో డిస్కు నిండి సర్వర్ ఆగితే, ఒక ఉపాధ్యాయినిగారు ఆ పుస్తకం చదువుకుంటూ, డీఎఫ్ నుంచి ఎల్‌ఎస్‌ఓఎఫ్ దాకా ఒక్కొక్క మెట్టు ఎక్కి, ఇరవై నిమిషాలలో దానిని లేపారు. మనకు అర్థమయ్యే మాటలో రాసి ఉంటే యంత్రం ఎవరి గుత్తసొత్తూ కాదని ఆ రోజు తెలిసింది.

మీలో ప్రతి ఒక్కరూ పగలంతా ఏ దేశపు బ్యాంకు సర్వర్‌నో, ఏ విమాన సంస్థ సర్వర్‌నో కంటికి రెప్పలా కాపాడుతున్నారు. నెలకు రెండు గంటలు మన పిల్లల పేర్లను కాపాడడానికి ఇవ్వండి. నాకు కావలసినది ముగ్గురు. ఒకరు ఊరు వదిలినా ఇద్దరు మిగలాలి. మీరు వచ్చి, 'ముందు నకలు తీద్దాము' అంటే, ఈసారి నేను అడ్డుపడను. రాత్రంతా పట్టినా పక్కన కూర్చుంటాను.

ఆ ఐదు కుటుంబాల కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాము. మీ వీధిలో, మీరుండే భవనాల పక్కన కడుతున్న కొత్త భవనాల దగ్గర తెలుగు మాట వినిపిస్తే ఆగి, పిల్లల పేర్లు అడగండి. రాసుకోండి. రాసినది భద్రంగా ఉండేలా చూసే పని మనందరిదీ.